పక్షి కన్ను వైపు చూడొద్దు!

"టార్గెట్ ఎట్ల కనిపిస్తుంది బేటా?" అని అడిగారు సార్.

"సూపర్ క్లియర్‌గా ఉంది సార్. నల్ల గుండ్రం అంచులతో సహా కనిపిస్తోంది" అన్నాను. కొత్త కళ్లజోడు పెట్టుకుని వచ్చిన మొదటి రోజు అది. ఆ గర్వం గొంతులో కూడా వినిపించే ఉంటుంది.

"గందుకే ఏడులు కొడ్తున్నవ్" అనేసి పక్క లేన్‌కి వెళ్లిపోయారు.

శామీర్‌పేట వైపు ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో ఉన్న చిన్న ఎయిర్ పిస్టల్ రేంజ్ అది. ఐదంటే ఐదే లేన్లు. మోటార్ స్విచ్ నొక్కితే కాగితం టార్గెట్ తీగ మీద ఊగుకుంటూ వెనక్కి వస్తుంది. హకీంపేట నుంచి ఎగిరిన ట్రైనింగ్ విమానాలు నెత్తి మీద నుంచి పోతుంటే కిటికీ అద్దాలు గడగడమంటాయి. నేనుండేది మేడ్చల్‌లో. శని, ఆదివారాలు పొద్దున్నే బయల్దేరి ఔటర్ సర్వీస్ రోడ్డు పట్టుకుంటే ట్రాఫిక్ లేకుండా చేరిపోతా. మిగతా ఐదు రోజులూ ల్యాప్‌టాప్ ముందే. వయసు ఇరవై ఎనిమిది, కంటి పవరు మైనస్ రెండుంపావు.

పోయినేడాది రాష్ట్ర స్థాయి పోటీలో, పై స్థాయికి వెళ్లడానికి కావాల్సిన స్కోరుకి నాలుగు పాయింట్ల దూరంలో ఆగిపోయాను. అరవై షాట్లలో నాలుగు పాయింట్లు! ఇంటికొచ్చి, "వచ్చేసారి కూడా రాకపోతే మానేస్తా, శనివారాలు నువ్వు చెప్పిన సంబంధాలు చూడ్డానికి వస్తా" అని అమ్మకి మాటిచ్చేశా. అమ్మ ఆ మాట మర్చిపోయే రకం కాదు. కాబట్టి సార్ అన్న ఆ ఒక్క ముక్క నాకు చాలా సీరియస్ విషయం.

టార్గెట్ క్లియర్‌గా కనిపించడం తప్పెలా అవుతుంది? చిన్నప్పటి నుంచీ మనకి చెప్పిన కథేంటి? ద్రోణుడు అడిగితే మిగతా శిష్యులు చెట్టు కనిపిస్తోంది, కొమ్మలు కనిపిస్తున్నాయి అన్నారు. అర్జునుడు మాత్రం పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనిపించట్లేదన్నాడు. స్కూల్లో, కోచింగ్ సెంటర్లో, ఆఫీసు టౌన్‌హాల్ మీటింగుల్లో కూడా ఈ కథే. ఫోకస్ అంటే గురి మీదే చూపు. రేంజ్‌లో మొదటి ఆరు నెలలూ నేను అచ్చంగా అదే చేశాను. సార్ దగ్గర ఈ కథ ఎత్తితే నవ్వి, "అర్జునుడి విల్లుకు ఫ్రంట్ సైట్ లేదు కదా బేటా" అన్నారు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా మేడ్చల్‌లో సైట్ అంటే రెండొందల గజాల ప్లాట్. ఆఫీసులో సైట్ అంటే వెబ్‌సైట్. పిస్టల్ మీద సైట్లు రెండుంటాయి. మీ కంటికి దగ్గరగా ఉండే చదరపు గాడి రేర్ సైట్. గొట్టం చివర నిలబడి ఉండే చిన్న నల్ల పలక ఫ్రంట్ సైట్. ఆ పలక గాడి మధ్యలో నిలబడాలి. రెండు పక్కలా సమానంగా వెలుతురు గీతలు కనిపించాలి. రెండింటి పైఅంచులూ ఒకే మట్టంలో ఉండాలి. వీటి అవతల, పది మీటర్ల దూరంలో టార్గెట్. అంటే కంటి ముందు మూడు వస్తువులు, మూడు వేర్వేరు దూరాల్లో ఉంటాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక చిన్న పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు ఎత్తండి. దాని వెనక దూరంగా కనిపించే వాటర్ ట్యాంకునో, ఎదురు అపార్ట్‌మెంట్ కిటికీనో చూడండి. వేలు మసకబారుతుంది. ఇప్పుడు వేలి గోరు మీద గీతల్ని చూడండి. ట్యాంకు మసకబారుతుంది. రెండూ ఒకేసారి షార్ప్‌గా రావు. కంట్లో ఉన్నది ఒకటే లెన్స్. కండరం దాన్ని ఉబ్బించి, సాగదీసి ఒక సమయంలో ఒక దూరానికే సెట్ చేస్తుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఈ మసకనే సాఫ్ట్‌వేర్‌తో నటిస్తుంది. కంటిది నిజం మసక, దానికి ఆఫ్ బటన్ లేదు.

అందువల్ల పిస్టల్ పట్టుకున్నవాడు ఏదో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఒలింపిక్ తరహా పిస్టల్ షూటింగ్‌లో దశాబ్దాలుగా చెబుతున్న జవాబు ఒకటే: ఫ్రంట్ సైట్. అది కత్తి అంచులా కనిపించాలి. గాడి కొద్దిగా మసకగా ఉన్నా పర్లేదు. టార్గెట్ మాత్రం బూడిద రంగు మబ్బు ముక్కలా ఉండాలి.

నాకు మాటలు ఎక్కవు, లెక్కలు ఎక్కుతాయి. అందుకే ఒక ఆదివారం టేపు పెట్టి కొలిచాను. నా పిస్టల్ మీద రేర్ సైట్ నుంచి ఫ్రంట్ సైట్ దాకా దాదాపు 33 సెంటీమీటర్లు. టార్గెట్ 10 మీటర్లు. అంటే ముప్పై రెట్లు. ఫ్రంట్ సైట్ గాడి మధ్యలోంచి ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పెల్లెట్ అక్కడ 30 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి బయటికి ప్రతి 8 మిల్లీమీటర్లకి ఒక పాయింటు తగ్గుతుంది. కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు తప్పుతో పది కాస్తా ఏడు అవుతుంది. సార్ చెప్పిన ఏడు ఇదే!

ఇప్పుడు రెండో కేసు. సైట్లు రెండూ సరిగ్గా ఒక లైన్లో ఉన్నాయి, చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి ఊగింది. పెల్లెట్ ఎంత పక్కకి పోతుంది? ఒక్క మిల్లీమీటరే. ఐదు మిల్లీమీటర్లు ఊగినా పదే, ఎందుకంటే పెల్లెట్ అంచు గీతని తాకినా పాయింటు ఇస్తారు. చెయ్యి ఊగడం పెద్ద నేరం కాదు, సైట్లు వంకర పోవడమే నేరం. టార్గెట్ మీద కన్ను పెట్టినవాడికి చిన్న నేరం క్లియర్‌గా కనిపిస్తుంది, పెద్ద నేరం మసకలో కలిసిపోతుంది. ఆరు నెలలు నేను చేసిన డీబగ్గింగ్ అంతా తప్పు ఫైల్లో అన్నమాట.

పైగా ఇంకో నష్టం ఉంది. టార్గెట్ షార్ప్‌గా కనిపిస్తే, దాని మీద మన పిస్టల్ ఎంత ఊగుతోందో కూడా షార్ప్‌గా కనిపిస్తుంది. అది చూసి భయం వేస్తుంది. కరెక్ట్ చోటికి వచ్చిన ఆ క్షణంలోనే "ఇప్పుడే!" అని ట్రిగ్గర్ గుంజేస్తాం. ఆ గుంజుడుకి పిస్టల్ మూతి పక్కకి తిరుగుతుంది, ముప్పై రెట్ల లెక్క మొదలవుతుంది. "ఊగనీ. ఊగుడు బంద్ కాదు. నాది కూడా ఊగుతది" అంటారు సార్.

అసలు గురి పెట్టేది కూడా నల్ల గుండ్రం మధ్యలో కాదని తెలిసినప్పుడు నేను ఇంకా ఆశ్చర్యపోయాను. నల్ల పలకని నల్ల గుండ్రం మీద పెడితే పలక అంచే కనిపించదు. అందుకే చాలామంది గుండ్రం కింద, తెల్ల భాగంలో పలకని నిలబెడతారు. పెల్లెట్ మాత్రం మధ్యలో పడేలా రేర్ సైట్ స్క్రూలు ముందే సర్దుకుంటారు. అంటే చూసేది పలకని, నిలబెట్టేది తెల్ల కాగితం మీద, తగిలేది ఇంకెక్కడో పైన. ద్రోణుడి పక్షి కథ కంటే మత్స్యయంత్రం కథే దీనికి దగ్గర. అక్కడ అర్జునుడు పైనున్న చేపని కాదు కదా, కింద నీళ్లలో నీడని చూస్తూ కొట్టాడు!

తెలిసింది సరే, కన్ను వినాలి కదా. పలక మీద చూపు పెడతా, ట్రిగ్గర్ నొక్కే ఆఖరి క్షణంలో అది జారి టార్గెట్ మీదకి పోతుంది. ఎక్కడ తగులుతుందో చూడాలన్న ఆత్రం. ఒక్కోసారి అటూఇటూ పింగ్‌పాంగ్ ఆడుతుంది. ఆ మారడానికి కంటికి కొంత టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో ఏదీ షార్ప్‌గా ఉండదు. ఎక్కువసేపు గురి పెట్టి నిలబడినా ఇంతే. పది సెకన్లు దాటాక కన్ను అలసిపోయి, చూడని దాన్ని కూడా చూసినట్టు చెబుతుంది. అప్పుడు చెయ్యి దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. చెయ్యి దించడం నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది.

ఒకరోజు సార్ నా టార్గెట్ తీసి తిప్పి పెట్టారు. వెనక వైపు ఖాళీ తెల్ల కాగితం. "దేన్ని చూసి కొట్టాలి సార్?" అంటే, "చూసేతందుకు ఏమీ లేదు. పలకను చూసి కొట్టు" అన్నారు. ఐదు షాట్లు కొట్టాను. కాగితం వెనక్కి వచ్చాక చూస్తే ఐదు రంధ్రాలూ ఒకదాని పక్కన ఒకటి, బొటనవేలుతో దాదాపు కప్పేయొచ్చు. మళ్లీ నల్ల గుండ్రం వైపు తిప్పి ఐదు కొట్టాను. అరచెయ్యంత విస్తీర్ణంలో చెల్లాచెదురు. అదే చెయ్యి, అదే పిస్టల్, ఐదు నిమిషాల తేడా. టార్గెట్ లేనప్పుడు బాగా కొట్టే షూటర్‌ని నేను!

ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ఖాళీ గోడ ముందు ప్రాక్టీస్. గంట సేపు గోడకేసి చూస్తుంటే అమ్మ వచ్చి, "ఏం కనిపిస్తోందిరా అక్కడ?" అంది. "ఏమీ కనిపించకూడదమ్మా" అన్నాను. ఆ సాయంత్రం నాన్నతో ఏదో గుసగుసగా మాట్లాడింది.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. 2018లో పదమూడేళ్ల వయసులో మనూ భాకర్, హీనా సిద్ధూ లాంటి వాళ్లని దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, అందులో 25 మీటర్ల టీమ్ స్వర్ణం ఒకటి. పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ చేరలేకపోయింది. తర్వాత 2025 సెప్టెంబరులో చైనాలోని నింగ్‌బో ప్రపంచకప్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం. స్కోరు 242.6. రెండో స్థానంలో నిలిచిన చైనా షూటర్ యావో చియాన్‌షున్‌ది 242.5.

పాయింట్ ఒకటి తేడా. టార్గెట్ మీద అది 0.8 మిల్లీమీటరు. ముప్పైతో భాగిస్తే సైట్ల దగ్గర 0.03 మిల్లీమీటరు కూడా లేదు, తల వెంట్రుక మందంలో సగం కంటే తక్కువ. మసకగా కనిపించే పలకతో ఆ తేడాని ఎవరు పట్టుకోగలరు చెప్పండి? ఆ వార్త ఫోన్‌లో చూసిన రోజు నేను మీటింగ్‌లో ఉన్నా. నోట్‌ప్యాడ్‌లో ఈ భాగహారమే వేసుకుంటూ కూర్చున్నా.

ఇక కళ్లజోడు సంగతి. ఇది నాలాంటి స్క్రీన్ బ్యాచ్‌కి ముఖ్యం. కొత్త అద్దాలతో టార్గెట్ అద్భుతంగా కనిపించిందన్నాను కదా. మామూలు కళ్లజోడు పని అదే, దూరం క్లియర్‌గా చూపించడం. దాంతో దగ్గరున్న పలకని చూడాలంటే కంటి కండరం ప్రతిసారీ బిగుసుకోవాలి. వారమంతా స్క్రీన్ చూసి అలసిన కండరం అది. మొదట వెళ్లిన షాపులో నా గొడవ చెబితే, "అట్లాంటి అద్దాలు ఉండవు సార్, బ్లూ కట్ వేయించుకోండి" అన్నారు. తర్వాత ఒక ఆప్టోమెట్రిస్ట్ ఓపిగ్గా విన్నారు. నన్ను చెయ్యి చాపి నిలబడమని, కంటి నుంచి ఫ్రంట్ సైట్ ఉండే చోటు దాకా కొలిచారు, దాదాపు ఒక మీటరు. నా పవరుకి ప్లస్ 0.5 కలిపి మైనస్ 1.75 అద్దం ఇచ్చారు. దాంతో కన్ను రిలాక్స్‌గా ఉన్నప్పుడే చూపు దగ్గరికి వచ్చి ఉంటుంది, పలక మీదకి చేరడానికి కొద్ది శ్రమ చాలు. టార్గెట్ మరీ మాయమైపోదు. ఇది నా కంటి లెక్క, మీది మీ డాక్టర్ చూడాలి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకి కలిపే పవరు ఇంకా వేరుగా ఉంటుంది.

ఆ అద్దంతో మొదటి రోజు భయమేసింది. నల్ల గుండ్రం అంచులు కరిగిపోయి మరకలా కనిపించింది. "సార్, టార్గెట్ సరిగ్గా కనిపించట్లేదు" అన్నాను. "శాబాష్" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి.

రెండో కంటి విషయంలో జనం చేసే తప్పు ఒకటుంది, గట్టిగా మూసేయడం. మూస్తే ముఖం కండరాలు బిగుస్తాయి, గంటకి పైగా నడిచే మ్యాచ్‌లో అది పెద్ద భారం. అందుకే రెండు కళ్లూ తెరిచి, వాడని కంటికి అడ్డం పెడతారు. నల్లది కాకుండా తెల్లటిది మేలు, ఎందుకంటే ఒక కంటికి చీకటైతే రెండు కంటిపాపలూ పెద్దవవుతాయి. నిబంధనల ప్రకారం ఆ అడ్డం వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. నేను ఎడమ అద్దానికి తెల్ల టేపు ముక్క అంటించా, ఖర్చు దాదాపు సున్నా.

పారిస్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్లజోడుతో నిలబడి మీమ్స్‌లోకి ఎక్కిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ గుర్తున్నాడా? 51 ఏళ్ల వయసులో మిక్స్‌డ్ టీమ్ రజతం కొట్టాడు. ఆయన రెండు కళ్లూ తెరిచే, ఏ అడ్డమూ లేకుండా కాలుస్తాడు. ఆ వీడియో చూసి మర్నాడు రేంజ్‌లో టేపు పీకేశా. పలకలు రెండు కనిపించాయి. సాయంత్రానికి మళ్లీ అంటించా.

ఫ్రంట్ సైట్ అన్ని చోట్లా వేదవాక్కు కాదు. అమెరికాలో పరిగెడుతూ, టైమర్ మీద కాల్చే ప్రాక్టికల్ షూటింగ్‌లో టార్గెట్ మూడు నాలుగు మీటర్లలోనే ఉంటే దాన్ని చూస్తూనే కాల్చేస్తారు. ఆ ఆటలో పేరున్న బ్రయాన్ ఈనోస్ 1990లో రాసిన పుస్తకంలో చూపుని ఏకంగా ఐదు రకాలుగా విడదీశాడు. పిస్టల్ మీద రెడ్ డాట్ బిగిస్తే కథే మారుతుంది. ఆ ఎర్ర చుక్క దూరంగా ఉన్నట్టే కంటికి కనిపిస్తుంది, కాబట్టి టార్గెట్‌నే చూడొచ్చు. ఒలింపిక్ పిస్టల్‌లో దాన్ని అనుమతించరు. ఈషా ఆడే 25 మీటర్ల ర్యాపిడ్ దశలో షూటర్‌కి దొరికేది 3 సెకన్లే. చెయ్యి కింది నుంచి లేచేటప్పుడే కన్ను పలకని అందుకోవాలి, ఆగి వెతుక్కునే టైమ్ ఉండదు.

ఈ ఏడాది పోటీకి వెళ్లాను. అక్కడ ఎలక్ట్రానిక్ టార్గెట్లు, పక్కనే మానిటర్, అరవై షాట్లకి 75 నిమిషాలు. "మానిటర్ చూస్తే చూడు, టోటల్ మాత్రం లెక్కపెట్టకు" అన్నారు సార్. నలభై మూడో షాట్ దగ్గర లెక్కపెట్టాను. ఇదే ఊపు ఉంటే గట్టెక్కుతా అనిపించింది. వెంటనే ఎనిమిది, ఏడు, ఎనిమిది. ఏమైందో నాకు తెలుసు. ఆ మూడింటిలోనూ నల్ల గుండ్రం మళ్లీ అందంగా, షార్ప్‌గా కనిపించింది. కొత్త అద్దం ఉన్నా సరే, నా కన్ను బలవంతంగా అక్కడికే పోయింది. పిస్టల్ బల్ల మీద పెట్టి, రెండు నిమిషాలు నా బూట్లని చూస్తూ నిలబడ్డా. తర్వాత పలక ఒక్కటే. నల్లటి చదరపు పలక, రెండు పక్కలా రెండు వెలుతురు గీతలు.

అరవయ్యో షాట్ పేలగానే మానిటర్ వైపు తిరగకుండా, "తొమ్మిది, ఎడమ కింద" అని నాలో నేను అనుకున్నా. తిరిగి చూస్తే తొమ్మిది, ఎడమ కింద. మొత్తం స్కోరు కావాల్సినదానికంటే మూడు ఎక్కువ.

బయటికొచ్చి సార్‌కి ఫోన్ చేశా. స్కోరు విన్నారు. అభినందనలేమీ లేవు.

"ఆఖరుది తొమ్మిదెందుకైంది?"

"పలక కొంచెం ఎడమకి, కిందికి జారింది సార్."

"జారినప్పుడు చూసినవా?"

"చూశాను సార్."

"సరే అయితే. శనివారం ఏడింటికల్లా రా" అని పెట్టేశారు. అమ్మకి ఇంకా చెప్పాల్సి ఉంది.